వారాంతంలో బోర్డో ద్రాక్షతోటలకు వెళ్తున్నాం: మద్యం తాగని విద్యార్థిని అక్కడ చూడదగినవి ఏమిటి?

మేడ్చల్ పందిరి | సోమవారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. నేను ఫ్రాన్సులోని బోర్డో నగరంలో మాస్టర్స్ మొదటి సంవత్సరం పూర్తి చేస్తున్నాను. పోయిన సెప్టెంబరులో వచ్చినప్పటి నుంచి గదికీ తరగతికీ గ్రంథాలయానికీ మధ్య తిరగడమే సరిపోయింది తప్ప, ఈ ఊరి పేరు వినగానే అందరికీ గుర్తొచ్చే ద్రాక్షతోటలను ఇంతవరకు కళ్లారా చూడలేదు. పరీక్షలు ముగిశాయి కాబట్టి ఈ శనివారం నలుగురం కలిసి దగ్గర్లోని సెంతెమిలియోన్ అనే ద్రాక్షతోటల ఊరికి వెళ్లి రావాలని అనుకుంటున్నాం. నాతో వచ్చేవారిలో ఒక గుంటూరు అబ్బాయి, ఒక బ్రెజిల్ అబ్బాయి, గుడ్డు కూడా ముట్టని ఒక తమిళ స్నేహితురాలు ఉన్నారు.

నాకు రెండు సందేహాలు ఉన్నాయి. మా ఎవరి దగ్గరా కారు లేదు, రైలులో వెళ్లి అదే రోజు తిరిగి రావడం కుదురుతుందా? నేను మద్యం తాగను, ఇకముందు తాగాలని కూడా లేదు. అలాంటప్పుడు అంత దూరం వెళ్లి నేను చూసేది ఏముంటుంది?

ఇంకొక మాట కూడా చెప్పాలి. మేడ్చల్ దగ్గర మాకు రెండున్నర ఎకరాల అనాబ్-ఎ-షాహీ రకం ద్రాక్షతోట ఉండేది. నేను ఆరో తరగతిలో ఉండగా నాన్న దాన్ని తీసేశారు, ఇప్పుడు అక్కడ ఇళ్ల ప్లాట్లు ఉన్నాయి. మధ్యాహ్నం పూట పందిరి కింద పడే పచ్చని వెలుతురు, తలెత్తితే చాలు చేతికి తగిలే గుత్తులు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్లు ఉంటాయి. అందుకే తోటను తోటగానే చూడాలని నా కోరిక. అయితే 'వైన్ తోటలకు వెళ్తున్నాను' అని ఫోనులో చెప్పగానే అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మన దగ్గర వైన్స్ అంటే మద్యం దుకాణమే కాబట్టి ఆమెను తప్పుపట్టలేను.

గరోన్ గట్టు | సోమవారం, రాత్రి 10:45

ఏడేళ్లుగా బోర్డోలో ఉంటున్నవాడిగా చెబుతున్నాను, మీరు సరైన ఊరినే ఎంచుకున్నారు. కారు లేనివారు బోర్డోకు ఉత్తరాన ఉన్న మెదోక్ అనే మరో ద్రాక్షతోటల ప్రాంతం వైపు వెళ్లి ఇబ్బంది పడుతుంటారు. అక్కడి పెద్ద షాటోలు (తోట, వైన్ తయారీ ఒకేచోట ఉండే ఎస్టేట్లు) ఒకదానికొకటి దూరంగా ఉంటాయి, ముందుగా సమయం తీసుకోనిదే చాలామంది గేటు తీయరు, వారాంతంలో మూసి ఉంచేవి కూడా ఎక్కువే. సెంతెమిలియోన్‌కైతే సెయింట్-జాన్ స్టేషనులో ప్రాంతీయ రైలు ఎక్కితే లిబూర్న్ మీదుగా సుమారు 40 నిమిషాల్లో చేరుకుంటారు. స్టేషను ఊరికి కాస్త దూరంగా, తోటల మధ్యలో ఉంటుంది. అక్కడి నుంచి ఊళ్లోకి ఇరవై నిమిషాల నడక, అందులో చివరి భాగం ఎక్కుడు. తిరుగు రైళ్ల సమయాలను ఈ రోజే కాగితం మీద రాసి పెట్టుకోండి, ఎందుకంటే అవి గంటల తేడాతో ఉంటాయి.

ఇక చూడవలసినవాటిలో నేను మొదట చెప్పేది కొండను తొలిచి కట్టిన చర్చి గురించే. 8వ శతాబ్దంలో బ్రిటనీ ప్రాంతం నుంచి వచ్చిన ఎమిలియోన్ అనే సన్యాసి ఇక్కడ ఒక గుహలో నివసించాడని, ఆయన పేరే ఊరికి వచ్చిందని చెబుతారు. ఆయన తరువాత కొన్ని శతాబ్దాలకు ఆ గుహ పక్కనే సున్నపురాయి కొండను లోపలికి తొలుచుకుంటూ పోయి చర్చిని చేశారు. మన ఉండవల్లి గుహాలయాన్ని చూసినవారికి ఆ పని ఎటువంటిదో వెంటనే అర్థమవుతుంది: ఒక్క రాయి కూడా పేర్చలేదు, అక్కరలేని రాయిని తీసివేయగా మిగిలినదే చర్చి. పైన నిలబెట్టిన గంటగోపురం బరువు మోయలేక లోపలి స్తంభాలు బలహీనపడటంతో వాటికి ఇనుప పట్టీలు బిగించారు. గైడు వెంట తప్ప లోపలికి పంపరు, అందుకని ఊరు చేరగానే ముందు పర్యాటక కార్యాలయానికి వెళ్లి టికెట్లు తీసుకోండి.

1999లో యునెస్కో ఈ ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు కోటగోడలను, చర్చిని మాత్రమే చేర్చలేదు. ఈ ఊరితో కలిపి 8 గ్రామాల తోటలను, అక్కడి సాగు పద్ధతితో సహా చేర్చింది. కాబట్టి తోటను తోటగా చూడాలన్న మీ కోరిక ఆ ఊరికి సరిగ్గా తగినదే.

తాగకపోవడం గురించి బెంగ పెట్టుకోకండి. రుచి చూసే గదిలో ప్రతి బల్ల మీదా ఉమ్మడానికి ఒక పాత్ర ఉంటుంది. రోజంతా రుచి చూసే నిపుణులే నోట్లో తిప్పి ఉమ్మేస్తారు, అది అమర్యాద కాదు. అసలే వద్దనుకుంటే సమయం తీసుకునేటప్పుడే 'నేను చూడటానికి మాత్రమే వస్తాను' అని రాయండి. వాళ్లు మరొక ప్రశ్న అడగరు.

నిడదవోలు అమ్మ | మంగళవారం, ఉదయం 6:10

అమ్మాయీ, నీ ఉత్తరం చదివాక నిన్న రాత్రి మీ అమ్మగారు ఎందుకు మాట్లాడలేదో నాకు తెలిసినట్లనిపించింది. మా అబ్బాయి కూడా ఫ్రాన్సులోనే లియోన్ నగరంలో చదువుకుంటున్నాడు. పిల్లల మీద నమ్మకం లేక కాదు, ఆ ఊళ్లు, ఆ అలవాట్లు మేము చూసి ఎరగనివి కావడం వల్ల మాకు భయం వేస్తుంది. వెళ్లిన చోటు నుంచి రెండు ఫొటోలు పంపి, తిరుగు రైలు ఎక్కాక ఒక్క మాట చెబితే మాకు అంతకన్నా ఏమీ అక్కరలేదు. గరోన్ గట్టు గారూ, వీరికి అక్కడ తినడానికి ఏమి దొరుకుతుందో కూడా చెప్పగలరా? వాళ్లలో ఒక అమ్మాయి గుడ్డు కూడా తినదట.

గరోన్ గట్టు | మంగళవారం, ఉదయం 8:30

మంచి ప్రశ్న అడిగారమ్మా, ఇది చాలామందికి తెలియదు. ఆ ఊరికి మకరోన్‌లు ప్రసిద్ధి. 1620లో అక్కడికి వచ్చిన ఉర్సులీన్ సన్యాసినుల నాటి నుంచి వాటిని చేస్తున్నారని చెబుతారు. బాదంపొడి, పంచదార, గుడ్డులోని తెల్లసొన కలిపి కాలుస్తారు కాబట్టి ఆ తమిళ అమ్మాయికి పనికిరావు. బోర్డోలో ప్రతి వీధిలోనూ అమ్మే కనెలె అనే ముదురు గోధుమరంగు చిన్న కేకులో పచ్చసొనతో పాటు రమ్ కూడా వేస్తారు. కాల్చేటప్పుడు చాలావరకు ఆవిరైపోయినా, మద్యం అసలే వద్దనుకునేవారు ఈ సంగతి తెలుసుకుని ఉండాలి.

వైన్ తయారీలో కూడా గుడ్డు వాడతారంటే ఇంకా ఆశ్చర్యపోతారు. ఎర్ర వైన్‌ను తేటపరచడానికి పీపాలో తెల్లసొన కలిపి, మడ్డి అడుగుకు దిగాక పైనున్నదాన్ని వేరు చేయడం ఇక్కడి పాత పద్ధతి. ఇక్కడి పీపాలో 225 లీటర్లు పడుతుంది, అంటే 300 సీసాలు. ఒక్కొక్క పీపాకు కొన్ని గుడ్ల తెల్లసొన వాడితే పచ్చసొన గంపలకొద్దీ మిగిలిపోయేది, దానితోనే కనెలెలు పుట్టాయని ఇక్కడివారు చెబుతారు. ఇప్పుడు బంకమన్నుతోనో బఠాణీ మాంసకృత్తులతోనో తేటపరిచేవారు కూడా ఉన్నారు, అడిగితే చెబుతారు.

భోజనం మాత్రం వెంట తీసుకెళ్లండి. ఊళ్లో శాకాహారం దొరకడం కష్టం, దొరికినా విద్యార్థుల జేబుకు అందదు.

రెండో గ్లాసు | మంగళవారం, మధ్యాహ్నం 1:15

నా అభిప్రాయం వేరుగా ఉంది, చెబితే ఎవరూ నొచ్చుకోకూడదు. సెంతెమిలియోన్ వెళ్లి ఒక్క గుక్క కూడా రుచి చూడకుండా రావడం పెళ్లికి వెళ్లి భోజనం చేయకుండా తిరిగి వచ్చినట్లే ఉంటుంది. ఆ నేలకూ ఆ ఎండకూ ఆ మెర్లో ద్రాక్షకూ ఉన్న సంబంధం నాలుకకు తెలియాలి గాని కంటికి తెలిసేది కాదు. తాగడం అలవాటు చేసుకోమని నేను అనడం లేదు, జీవితంలో ఒక్కసారి, ఆ ఊళ్లో, ఒక చెంచాడు నాలుక మీద వేసుకుని ఉమ్మేయమంటున్నాను.

మేడ్చల్ పందిరి | మంగళవారం, మధ్యాహ్నం 2:00

మీరు మర్యాదగానే చెప్పారు, నేను కూడా మర్యాదగానే కాదంటున్నాను. ఆ రుచి నాకు తెలియకుండా ఉండిపోతుందని ఒప్పుకుంటున్నాను, అది తెలియకపోయినా నాకు వెలితి లేదు. కనెలెలో రమ్ ఉంటుందని మాత్రం ఈ రోజే తెలిసింది. తొమ్మిది నెలలుగా ప్రతి శుక్రవారం తింటున్నాను. దుకాణంలో ఎవరూ దాచలేదు, అడగవలసింది నేనే. ఇక్కడికి కొత్తగా వచ్చే పిల్లలకు ముందే చెప్పవలసిన విషయాల్లో ఇది ఒకటి.

సున్నపురాయి | మంగళవారం, సాయంత్రం 7:40

మాది తాండూరు. నాపరాళ్ల గనుల మధ్య పెరిగినవాడిని కావడం వల్ల, రెండేళ్ల క్రితం సెంతెమిలియోన్ వెళ్లినప్పుడు నా చూపు పైనున్న తోటల కన్నా కింద ఉన్న రాతి మీదే నిలిచిపోయింది. ఆ పీఠభూమి అంతా ఒకప్పుడు సముద్రపు అడుగు. ఆ సున్నపురాయిలో నక్షత్రచేపల అవశేషాలు ఉండటం వల్ల దానికి వాటి పేరే పెట్టారు. శతాబ్దాల పాటు ఆ రాయిని సొరంగాలు తవ్వి తీసి నదీమార్గాన బోర్డోకు తరలించారు. మీరు రోజూ చూసే ఆ లేత పసుపు రంగు భవనాలకు రాయి వెళ్లింది ఇటువంటి గనుల నుంచే. ఖాళీ అయిన సొరంగాల్లో వేసవికీ చలికాలానికీ పెద్ద తేడా లేని చల్లదనం ఉంటుంది కాబట్టి అక్కడ పీపాలను, సీసాలను నిలవ చేస్తారు.

తోటకు కూడా ఆ రాయే ఆధారం. వానాకాలంలో నీటిని పీల్చుకుని, ఎండాకాలంలో వేళ్లకు కొద్దికొద్దిగా అందిస్తుంది. మా నాపరాయికి ఆ గుణం లేదు, అది గట్టిది, నీరు జారిపోతుంది. రెండూ సున్నపురాళ్లే అయినా ఎంత తేడా ఉందో చేతితో తడిమి చూడండి. అక్కడి రాయిని గోటితో గీస్తే పొడి రాలుతుంది. చారిత్రక గోడలను మాత్రం గీయవద్దు, దారి పక్కన పడి ఉన్న ముక్క చాలు.

తోటబడి | మంగళవారం, రాత్రి 9:05

నేను ఉద్యానశాఖలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. అందులో పదకొండేళ్లు మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల ద్రాక్షతోటల్లోనే గడిచాయి. అమ్మా మేడ్చల్ పందిరీ, మీ తోటలోకి కూడా నేను ఏనాడో వచ్చి ఉండవచ్చు.

ఇంతవరకు ఎవరూ అనని మాట ఒకటి ఉంది. బోర్డో అనే పేరు మన పల్లెలకు వైన్ ద్వారా రాలేదు, పిచికారీ డబ్బా ద్వారా వచ్చింది. తెగుళ్లకు చల్లే బోర్డో మిశ్రమం అనే మందు గురించి, ఫ్రాన్సు ఎక్కడుందో తెలియని రైతు కూడా 'బోర్డో కొట్టాలి' అనేవాడు. ద్రాక్షకు బూజు తెగులు వచ్చినా, బత్తాయికి బంక కారినా, తమలపాకుకు ఎండు తెగులు తగిలినా ఆ పేరే వినిపించేది. అది మీరున్న నగరం పేరేనని నేను శిక్షణ తరగతుల్లో చెబితే రైతులు ఆశ్చర్యపోయేవారు.

ఆ మందు పుట్టిన కథ మీరు వెళ్లే తోటల కథే. 1860ల్లో అమెరికా నుంచి వచ్చిన ఫిల్లోక్సెరా అనే పేనుజాతి పురుగు ఫ్రాన్సులోని ద్రాక్ష వేళ్లను తినేసి తోటలను ఎండబెట్టింది. ఆ పురుగును తట్టుకునే వేళ్లు అమెరికా తీగలకు ఉన్నాయని గ్రహించి, వాటిని తెప్పించి, వాటి మీద తమ రకాలను అంటుకట్టడం మొదలుపెట్టారు. ఒక బాధ తీరుతుండగానే ఆ అమెరికా తీగలతో పాటు బూజు తెగులు దిగింది, 1878లో దాన్ని ఫ్రాన్సులో గుర్తించారు. అప్పట్లో మెదోక్ రైతులు దారిన పోయేవాళ్లు పండ్లు కోసుకుపోకుండా, రోడ్డు పక్క వరుసల మీద మైలుతుత్తం (రాగి సల్ఫేటు), సున్నం కలిపి చల్లేవారు. నీలంగా మరకలు పడ్డ పండును ఎవరూ నోట పెట్టరు కదా. 1882లో మిల్లార్దె అనే బోర్డో వృక్షశాస్త్ర ఆచార్యుడు ఆ దారిన వెళ్తూ, తోటంతా ఆకు రాలిపోయినా రోడ్డు పక్క వరుసలు మాత్రం పచ్చగా ఉన్నాయని గమనించాడు. పరీక్షలు చేసి 1885లో ఆ మిశ్రమాన్ని లోకానికి ప్రకటించాడు. దొంగల భయంతో చల్లినది తోటలకు ప్రాణం పోసింది.

మన దగ్గర ఒక శాతం మిశ్రమం చేసేవాళ్లం. కిలో మైలుతుత్తాన్ని 50 లీటర్ల నీటిలోను, కిలో సున్నాన్ని మరో 50 లీటర్ల నీటిలోను వేరువేరుగా కరిగించి, తుత్తం నీళ్లను సున్నపు నీళ్లలోకి పోస్తూ కర్రతో కలుపుతూ ఉండాలి. లోహపు పాత్ర వాడకూడదు. కలిపాక ఇనుప కొడవలిని అందులో ముంచి తీస్తే, దాని మీద ఎర్రటి రాగిపూత కనిపించకూడదు. కనిపిస్తే సున్నం చాలలేదన్నమాట, ఇంకొంచెం కలపాలి. చేసిన రోజునే చల్లేయాలి.

జూన్ నెలలో వెళ్తున్నారు కాబట్టి అక్కడ మందు చల్లే కాలమే. ఆకుల మీద నీలి మరకల కోసం చూడండి.

మేడ్చల్ పందిరి | మంగళవారం, రాత్రి 9:50

గురువుగారూ, కొడవలి అనగానే నాకు ఒళ్లు జలదరించింది. మా తాతయ్య నీలం డ్రమ్ములో కొడవలి ముంచి, ఎండకు ఎత్తి పట్టుకుని, కళ్లు చిట్లించి చూసేవారు. అది ఏదో పూజ అనుకునేదాన్ని. ఎందుకు చేసేవారో పదిహేనేళ్ల తరువాత ఈ రోజు మీ వల్ల తెలిసింది. తప్పకుండా చూసి వచ్చి రాస్తాను.

మేడ్చల్ పందిరి | ఆదివారం, ఉదయం 11:30

నిన్న వెళ్లి వచ్చాం. నడిచి నడిచి కాళ్లు ఇంకా నొప్పిగానే ఉన్నాయి, అయినా మరిచిపోకముందే రాయాలని కూర్చున్నాను.

స్టేషనులో దిగి నూరు అడుగులు వేయకముందే తోట మొదలైంది. మొదట నాకు అది ద్రాక్షతోట అనిపించలేదు. మన పందిరి కింద మనుషులు నిలబడి తిరుగుతారు, ఇక్కడ తీగ నా నడుము దాటి కొంచెమే పైకి ఉంది. గుంజలకు కట్టిన తీగల మీద ఆకులను గోడలాగా సరళరేఖలో పెంచి, పైభాగాన్ని కత్తిరించి సమం చేశారు. గుత్తులు మోకాలి ఎత్తులో వేలాడుతున్నాయి, గింజలు ఇంకా పచ్చి బఠాణీలంతే ఉన్నాయి. ఒక మొదలు దగ్గర కూర్చుని చూస్తే, నేలకు బెత్తెడు పైన కాండం కణుపులా ఉబ్బి ఉంది. అదే అంటు ముడి అని తోటబడి గారి మాటల వల్ల పోల్చుకోగలిగాను: కింద అమెరికా వేరు, పైన మెర్లో. వరుసల చివర గులాబీ మొక్కలు ఉన్నాయి. బూడిద తెగులు గులాబీకి ముందుగా కనిపిస్తుందని, అందుకే వెనకటివాళ్లు నాటేవారని తరువాత ఒకామె చెప్పారు.

ఇక నీలి మరకలు. రెండో మలుపులో కనిపించాయి. ఆకు మీద సున్నం చుక్కలు ఎండిపోయినట్లుగా, లేత ఆకాశపు రంగులో, ఈనెల పక్కన కాస్త చిక్కగా ఉన్నాయి. కర్ర గుంజలకు కూడా అదే రంగు పట్టింది. వేలు పెట్టి తాకలేదు గాని, అక్కడే దారి పక్కన నిలబడి నాన్నకు వీడియో కాల్ చేశాను. మన దగ్గర అప్పటికి మధ్యాహ్నం రెండు గంటలు. ఫోను ఆకు దగ్గరగా పెట్టి చూపించాను. నాన్న కొంతసేపు చూసి, 'తుత్తం' అన్నారు. తరువాత అమ్మను పిలిచి చూపించారు. నేను వెళ్లింది ఎటువంటి చోటికో అమ్మకు అప్పుడు అర్థమైందని అనుకుంటున్నాను, ఎందుకంటే ఆమె అడిగిన మొదటి ప్రశ్న 'కూలీలు దొరుకుతారా వాళ్లకు?' అని.

అన్నీ సవ్యంగా జరగలేదు. ముందుగా సమయం తీసుకున్న ఒక తోటలో, ఈమెయిలు చూపించినా, పెద్ద బృందం వచ్చిందని చెప్పి మమ్మల్ని గేటు దగ్గరే ఆపేశారు. రెండు కిలోమీటర్లు ఎండలో నడిచి వెళ్లినవాళ్లకు కనీసం మంచినీళ్లు ఇవ్వకపోవడం నాకు బాధ కలిగించింది. అక్కడి నుంచి వెనక్కి వస్తుండగా, ఒక చిన్న తోట యజమానురాలు వాకిట్లో నిలబడి మమ్మల్ని చూసి తానే పిలిచారు. ఇద్దరు స్నేహితులు రుచి చూస్తుండగా ఆమె నన్ను షెడ్డులోకి తీసుకెళ్లి, వరుసకు అటూ ఇటూ చక్రాలు పెట్టి తీగల మీదుగా నడిచే ఎత్తైన ట్రాక్టరును చూపించారు. గోడ పక్కన ఉన్న సంచి మీద 'బుయ్యీ బోర్దలేజ్', అంటే బోర్డో మిశ్రమం అని రాసి ఉంది. మా తాతయ్య డ్రమ్ములో కలిపినది ఇక్కడ పొడిగా సంచుల్లో వస్తుంది. రాగి నేలలో పేరుకుపోతుంది కాబట్టి యూరప్ చట్టం ప్రకారం 7 ఏళ్లలో హెక్టారుకు 28 కిలోలకు మించి వేయకూడదని, రసాయన మందులు మానేసిన తనలాంటివారికి వానలు ఎక్కువైన ఏడాది ఆ లెక్క చాలక నిద్ర పట్టదని ఆమె చెప్పారు. నా ఫ్రెంచి అంతంత మాత్రమే, ఆమె ఒక్కొక్క మాటను విడదీసి చెప్పారు.

గుంటూరు అబ్బాయి ఖాళీ కడుపుతో అయిదు రకాలు మింగాడు, ఉమ్మలేదు. ఊళ్లోకి దిగే ఆ రాళ్ల వీధి నిలువునా ఉంటుంది, సగంలో కళ్లు తిరిగి గోడ పట్టుకుని కూర్చుండిపోయాడు. మేము తెచ్చుకున్న పెరుగన్నం తినిపించి, గంటసేపు నీడలో కూర్చోబెట్టాం. ఆ గంట వల్లనే మేము ఎక్కవలసిన రైలు తప్పింది, తరువాతి రైలు కోసం అంగడి కూడా లేని ఆ చిన్న స్టేషనులో ఎదురు చూశాం. జూన్ కాబట్టి రాత్రి తొమ్మిదిన్నరకు కూడా వెలుతురు ఉండటం వల్ల భయం వేయలేదు. రుచి చూడాలనుకునేవారు ముందు కడుపునిండా తిని వెళ్లాలి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను.

చర్చి గురించి గరోన్ గట్టు గారు చెప్పినదంతా నిజం. బయటి ఎండ నుంచి లోపలికి అడుగు పెట్టగానే చెమట ఆరిపోయింది. ఇనుప పట్టీలు బిగించిన ఆ స్తంభాల మధ్య ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మకరోన్‌లు కాల్చిన కాగితానికే అతుక్కుని వస్తాయి, ఒక్కొక్కటి ఒలిచి తినాలి. రంగులూ మధ్యలో క్రీమూ ఏమీ ఉండవు, బాదం వాసన ఒక్కటే. తమిళ స్నేహితురాలికి అవి తినిపించలేకపోయాం, ఆమెకు సున్నపురాయి గారు చెప్పినట్లు దారి పక్కన ఏరిన రాతి ముక్క ఒకటి ఇచ్చాం.

కోత కూలి | ఆదివారం, మధ్యాహ్నం 3:20

మీ వర్ణన చదివాక నా సెప్టెంబరు గుర్తొచ్చింది. నేను పోయిన ఏడాది సెంతెమిలియోన్ దగ్గర పది రోజులు ద్రాక్ష కోతకు వెళ్లాను. విద్యార్థి వీసా ఉన్నవారు ఏడాదికి 964 గంటల వరకు పని చేయవచ్చు, కోతకు ప్రత్యేకంగా ఒక ఒప్పందం రాసి ఇస్తారు. రాతపూర్వకమైన ఒప్పందం లేకుండా ఒక్క పూట కూడా పని చేయకండి. మీరు చెప్పిన మోకాలి ఎత్తు గుత్తులే నడుము విరగ్గొడతాయి. మూడో రోజు ఉదయం మంచం మీద నుంచి లేవలేకపోయాను. అయితే మధ్యాహ్నం తోట యజమాని, కూలీలు ఒకే పొడవాటి బల్ల దగ్గర కూర్చుని తినే ఆ భోజనం నేను ఈ దేశంలో తిన్న అన్ని భోజనాల కన్నా ఎక్కువ గుర్తుంది. కోతల ప్రారంభాన్ని ఆ ఊళ్లో సెప్టెంబరు మూడో ఆదివారం నాడు జురాద్ అనే సంఘంవారు ఎర్రని దుస్తులు ధరించి, రాజు బురుజు అని పిలిచే పాత కోట పైనుంచి ప్రకటిస్తారు. వీలైతే ఆ రోజు మళ్లీ వెళ్లండి.

నిడదవోలు అమ్మ | ఆదివారం, సాయంత్రం 5:00

పెరుగన్నం పట్టుకెళ్లడం చాలా మంచి పని చేశారు. ఆ అబ్బాయి ఇప్పుడు కులాసాగా ఉన్నాడా? మీ అమ్మగారు కూలీల గురించి అడిగారని చదివాక నాకు మనసు తేలికపడింది.

మేడ్చల్ పందిరి | ఆదివారం, సాయంత్రం 5:40

కులాసాగా ఉన్నాడండీ, ఉదయం ఇడ్లీలు కూడా తిన్నాడు. తోటబడి గారూ, నాన్న ఒక ప్రశ్న అడిగారు, నా దగ్గర జవాబు లేదు. మా తోటలో మొక్కకూ మొక్కకూ 10 అడుగులు, వరుసకూ వరుసకూ 20 అడుగులు ఉండేదట. అక్కడ నా అడుగుల లెక్కలో వరుసల మధ్య ఒకటిన్నర మీటరుకు మించి లేదు, మొక్కల మధ్య మీటరే ఉంది. అంత ఇరుకుగా పెడితే కాపు ఎలా వస్తుందని నాన్న సందేహం.

తోటబడి | ఆదివారం, రాత్రి 8:15

మీ నాన్నగారు అసలైన రైతు ప్రశ్న అడిగారు. ఆయన లెక్కలో ఎకరానికి 218 తీగలు. మీరు చూసిన తోటలో ఎకరానికి సుమారు 2,700 ఉంటాయి, మెదోక్‌లో మీటరుకు మీటరు పెట్టే పెద్ద తోటల్లోనైతే నాలుగు వేలు. అనాబ్-ఎ-షాహీ తినే పండు, గుత్తి బరువుగా ఉండాలి, గింజ నీరు పట్టి లావుగా ఉండాలి, అందుకని ఒక్కొక్క తీగ పందిరి మీద ఇల్లంత పాకి మోయగలిగినంత మోసేది. వైన్ ద్రాక్షకు కావలసింది అది కాదు. చిన్న గింజ, మందమైన తోలు, తక్కువ నీరు. తీగలను దగ్గరగా పెట్టి, ఒక్కొక్కదానికి కొద్దిపాటి గుత్తులే ఉంచుతారు. మన తీగకు నిద్ర లేదు, చలి చాలదు కాబట్టి ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి మనమే కత్తిరించి దాన్ని లేపేవాళ్లం. అక్కడ చలికాలంలో ఆకంతా రాల్చి నిద్రపోతుంది, అప్పుడు ఒక్కసారే కత్తిరిస్తారు. పోయిన ఏడాది కొమ్మల్లో ఒకటో రెండో ఉంచి మిగతావన్నీ తీసేస్తారు.

మేడ్చల్ పందిరి | ఆదివారం, రాత్రి 9:10

మీ జవాబు నాన్నకు చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నారు. ఆ చిన్న తోట యజమానురాలు జనవరిలో కత్తిరింపుకు రమ్మని నాకు తన నంబరు రాసి ఇచ్చారని చెప్పగానే, ఆ రోజు మన దగ్గర ఎంత రాత్రయినా సరే ఫోను చేయమన్నారు. ఉంచే కొమ్మ మీద కత్తెర ఏ కన్ను (మొగ్గ) దగ్గర పెడతారో, ఎన్ని కన్నులు వదులుతారో దగ్గరగా పట్టుకుని చూపించాలట. అమ్మ పక్క నుంచి, చేతికి తొడుగులు వేసుకోమని చెప్పింది.